మీ కొట్టు కంప్యూటర్‌కు గొళ్ళెం పెట్టారా?

ఈ పేజీలో మేము షుగరు, రక్తపోటు, పసిపిల్లల టీకాలు, గర్భిణుల ఆహారం వంటి విషయాలు రాస్తూ ఉంటాము. ఈసారి కంప్యూటర్ల భద్రత గురించి రాస్తున్నామంటే మీలో కొందరు నవ్వుకోవచ్చు. "నర్సమ్మలకు కంప్యూటర్ల గొడవ ఎందుకు?" అని అడగవచ్చు. ఆ మాట ఒకప్పుడు మేమూ అనుకున్నవాళ్ళమే. మేము ట్రైనింగ్ చేసిన రోజుల్లో వార్డులో ఉన్న యంత్రాలంటే బీపీ మిషను, స్టెరిలైజర్, గోడ గడియారం, అంతే. ఒక రాత్రి డ్యూటీ మా అభిప్రాయాన్ని మార్చింది. ముందు ఆ సంగతి చెప్తాము.

ఆ రాత్రి ఏమి జరిగింది?

కొన్నేళ్ళ క్రిందట కృష్ణ ఒడ్డున ఉన్న ఒక లంక గ్రామం నుండి నిండు గర్భిణిని అర్ధరాత్రి దాటాక ఆటోలో తీసుకువచ్చారు. రక్తస్రావం అవుతోంది. ఆమె మొదటి కాన్పు కూడా మా దగ్గరే ఆపరేషన్‌తో జరిగింది. పాత వివరాలన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అని ధైర్యంగా తెరిచాము. తెర మీద ఇంగ్లీషులో ఒక ఎర్రటి నోటీసు వచ్చింది. ఫైళ్ళన్నీ తాళం వేశామనీ, తెరవాలంటే డబ్బు కట్టాలనీ దాని సారాంశం. ఏ ఫైలు నొక్కినా తెరుచుకోలేదు.

రక్తం గ్రూపు ఎలాగూ మళ్ళీ పరీక్ష చేసి, క్రాస్‌మ్యాచ్ చూసిన తరువాతే ఎక్కిస్తాము. కాబట్టి దానికి ఇబ్బంది లేదు. కానీ క్రిందటిసారి ఆమెకు ఏ మందు పడలేదు? మత్తు ఇచ్చినప్పుడు ఏమైంది? ఆ సంగతులు కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి. ఆమె చెప్పే స్థితిలో లేదు. భర్త కంగారులో ఉన్నాడు. అప్పుడు ఆమె అత్తగారు కొంగు చాటు నుండి ఒక పాలిథీన్ కవరు తీసి, "సిస్టరమ్మా, ఈ కాయితాలు పనికొస్తాయేమో చూడమ్మా" అన్నారు. అందులో పాత డిశ్చార్జి చీటీ ఉంది. దాని మీద ఫలానా ఇంజెక్షను పడదు అని ఎర్ర సిరాతో రాసి, క్రింద గీత కూడా గీసి ఉంది. మేము ట్రేలో సిద్ధం చేసుకున్నది ఆ ఇంజెక్షనే.

తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్ళారు. కానీ ఆ పెద్దావిడ కవరు తీసుకురాకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ మాకు చేతులు చల్లబడతాయి.

తప్పు ఎవరిది?

తరువాత విచారిస్తే తెలిసినది ఇది. కొరియర్ బిల్లు అని వచ్చిన ఒక ఈమెయిల్‌ను ఎవరో తెరిచారు. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడుతున్నారు. అది మరిచిపోకుండా ఒక ప్లాస్టర్ ముక్క మీద రాసి కంప్యూటర్ తెరకు అంటించి ఉంది. ఆ ప్లాస్టర్ అంటించినది మా నర్సింగ్ విభాగమే అని ఒప్పుకోవాలి. ఇక బ్యాకప్ అని ఉంచిన డిస్కును ఎప్పుడూ అదే కంప్యూటర్‌కు తగిలించి ఉంచారు. అందువల్ల దానికీ తాళం పడింది.

డబ్బు కట్టలేదు. ల్యాబ్ లెడ్జర్లు, వార్డు రిజిస్టర్లు ముందు పెట్టుకుని డ్యూటీ అయిన తరువాత కూర్చుని వారాల తరబడి మళ్ళీ ఎక్కించాము. కొన్ని వివరాలు ఎప్పటికీ దొరకలేదు.

చేతులు కడుక్కోకుండా డ్రెస్సింగ్ చేసిన నర్సును మేము క్షమించము. కానీ కంప్యూటర్ విషయంలో మేమే చేతులు కడుక్కోలేదు. జరిగినదంతా ఈ ఒక్క మాటలో ఉంది.

ఇది మన ఒక్కరి సంగతి కాదు

ఇలా ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే జబ్బును ర్యాన్సమ్‌వేర్ అంటారు. 2017 మే 12న 'వన్నాక్రై' అనే ర్యాన్సమ్‌వేర్ సుమారు 150 దేశాలకు పాకింది. అప్పట్లో మన రాష్ట్ర పోలీసు శాఖలో కూడా, కృష్ణా, గుంటూరు జిల్లాలతో సహా, కొన్ని కంప్యూటర్లు దీని బారిన పడ్డాయి. ఇంగ్లండులోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అక్కడి ఆడిట్ కార్యాలయం అంచనా వేసింది. మామూలు కంప్యూటర్ జాగ్రత్తలు పాటించి ఉంటే దీనిని ఆపగలిగేవారని కూడా అదే నివేదిక తేల్చింది. ఎందుచేతనంటే ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ సంవత్సరం మార్చిలోనే విడుదల చేసింది. అంటే టీకా మార్చిలోనే వచ్చింది. వేయించుకోనివారికి మే నెలలో జబ్బు సోకింది.

2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లు ఇలాగే ఆగిపోయాయి. ఓ.పి. చీటీలు, ల్యాబ్ రిపోర్టులు, బిల్లులు సుమారు రెండు వారాలు చేతిరాతతోనే నడిచాయి. నెట్‌వర్క్‌ను సరిగా విభాగాలుగా విడదీయకపోవడం వల్ల ఇది జరిగిందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. మా భాషలో చెప్పాలంటే, అంటువ్యాధి వచ్చిన రోగినీ మిగతా రోగులనూ ఒకే వార్డులో ఉంచడం వంటిది. అయితే దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టి వివరాలు తిరిగి దొరికాయి.

2024 జూన్‌లో లండన్‌లో రక్తపరీక్షలు చేసే ఒక సంస్థ మీద దాడి జరిగింది. రక్తం గ్రూపులు సరిపోల్చే పని ఎప్పటి వేగంతో జరగలేదు. అందువల్ల చాలామందికి ఎక్కించగలిగే ఓ గ్రూపు రక్తం ఇమ్మని దాతలను పిలవవలసి వచ్చింది. ఆ రోజుల్లో రక్తపరీక్ష ఫలితం ఆలస్యం కావడం ఒక రోగి మరణానికి కారణాలలో ఒకటని అక్కడి కింగ్స్ కాలేజ్ ఆసుపత్రి యాజమాన్యం 2025లో తెలిపింది. నర్సులుగా మాకు ఈ వార్త మిగతా అన్నింటికన్నా ఎక్కువ బాధ కలిగించింది.

వ్యాపారాల సంగతి చూస్తే, 2022 జనవరిలో హైదరాబాదులోని ఏ.పి. మహేష్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుండి దొంగలు 12 కోట్ల రూపాయలకు పైగా తరలించారు. అంతకు రెండు నెలల ముందే ఉద్యోగులకు మోసపు ఈమెయిళ్ళు పంపి, తెరిచినవారి కంప్యూటర్ల ద్వారా లోపలికి దూరారని హైదరాబాదు పోలీసులు చెప్పారు. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల రూపాయల జరిమానా కూడా విధించింది. పోయిన డబ్బు ఒకటి, జరిమానా ఒకటి, పోయిన నమ్మకం ఇంకొకటి.

కట్టకు గండి ఎక్కడ పడుతుంది?

2024 సెప్టెంబరు మొదటి వారం మన విజయవాడ వారెవరూ మరిచిపోరు. బుడమేరు కట్టకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. కట్ట అంతా తెగలేదు. గండ్లు పడినది కొన్నిచోట్లే, మునిగినది మాత్రం వేల ఇళ్ళు. కంప్యూటర్ కూడా అంతే. మిగతావన్నీ బాగున్నా ఒక్క చోట సందు ఉంటే చాలు. కాబట్టి కట్ట మొత్తం నడిచి చూసి, ఎక్కడ బలహీనంగా ఉందో గుర్తుపెట్టేవారు ఒకరు కావాలి. ప్రాథమిక భద్రతా ధ్రువపత్రం చేసే పని అదే.

ఈ ధ్రువపత్రం అంటే ఏమిటి?

బ్రిటన్ ప్రభుత్వం 2014లో 'సైబర్ ఎసెన్షియల్స్' అనే పద్ధతిని మొదలుపెట్టింది. చిన్న కొట్టు నుండి పెద్ద కంపెనీ దాకా ఎవరైనా తీసుకోవచ్చు. చాలా చిన్న సంస్థకు ఖర్చు 300 పౌండ్ల పైచిలుకు. ఒక ప్రశ్నల పత్రం ఇస్తారు. దానిని నింపితే నిపుణులు పరిశీలించి ధ్రువపత్రం ఇస్తారు. కావాలంటే రెండవ స్థాయిలో వాళ్ళే కంప్యూటర్లను పరీక్షిస్తారు. ప్రతి సంవత్సరం మళ్ళీ చేయించుకోవాలి. అందులో చూసేవి 5 విషయాలే:

1. బయటి నుండి వచ్చే రాకపోకలను ఆపి చూసే ఫైర్‌వాల్ ఉందా? ఇది గేటు దగ్గర వాచ్‌మన్ వంటిది.

2. కొన్నప్పుడు వచ్చిన పాస్‌వర్డ్ మార్చారా? అవసరం లేని ప్రోగ్రాములు తీసేశారా?

3. ఎవరి పనికి ఎంత అవసరమో అంతవరకే తాళాలు ఇచ్చారా? మందుల అల్మరా తాళం అందరి దగ్గరా ఉండదు కదా.

4. వైరస్‌లను ఆపే ఏర్పాటు ఉందా?

5. అప్‌డేట్‌లు వచ్చిన వెంటనే వేస్తున్నారా? ఇది టీకా వంటిది.

ఈ జాగ్రత్తలు పాటించిన సంస్థల నుండి ఇన్సూరెన్సు క్లెయిములు 92 శాతం తక్కువగా వస్తున్నాయని బ్రిటన్ జాతీయ సైబర్ భద్రతా కేంద్రం చెబుతోంది.

మన దేశంలో పరిస్థితి

మన దేశంలో ఈ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్. ఇది 2004 నుండి పనిచేస్తోంది. సంస్థల మీద దాడి జరిగితే తెలిసిన 6 గంటల లోపల తమకు తెలియజేయాలని 2022లో ఆదేశించింది. 2025లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం 15 మౌలిక రక్షణ చర్యల జాబితాను విడుదల చేసింది. ఆడిట్ చేయడానికి అర్హత ఉన్న సంస్థల పేర్లు కూడా సెర్ట్-ఇన్ ప్రకటిస్తుంది. ఇంకా పెద్ద స్థాయిలో ఐ.ఎస్.ఓ. 27001 అనే అంతర్జాతీయ ధ్రువపత్రం ఉంది. అది చిన్న కొట్టుకు బరువైన పని.

ఆసుపత్రుల్లో దీనికి ఒక పోలిక ఉంది. ఎన్.ఏ.బి.హెచ్. పూర్తి గుర్తింపు అందుకోలేని చిన్న ఆసుపత్రుల కోసం ప్రవేశ స్థాయి ధ్రువపత్రం పెట్టారు. మొదట చేతులు కడగడం, మందుల పేర్లు సరిచూడడం, వ్యర్థాలను వేరుచేయడం వంటివి సరిచేసుకుంటే పై మెట్టు ఎక్కడం తేలిక. కంప్యూటర్ భద్రతకు కూడా అలాంటి మొదటి మెట్టు కావాలి.

చట్టం కూడా మారింది. వ్యక్తుల వివరాల రక్షణకు 2023లో కొత్త చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఖాతాదారుల, రోగుల వివరాలకు తగిన భద్రత కల్పించకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే అధికారం అందులో ఉంది. చిన్న కొట్టుకు అంత వేస్తారని మేము భయపెట్టడం లేదు. కానీ ఖాతాదారుడి ఫోను నంబరు, ఆధార్ కాపీ మన దగ్గర ఉన్నంతకాలం అది ఇంకొకరు మనకు అప్పగించిన సొమ్ము అని గుర్తుంచుకోవాలి.

ఒక బాబాయి గారి అనుభవం

మా సంఘ కుటుంబాల్లో ఒక పెద్దాయనకు వన్‌టౌన్‌లో సర్జికల్ సామాన్ల కొట్టు ఉంది. ఒకరోజు ఓ.పి.కి వచ్చారు. బీపీ చూస్తే 190/110.

"ఏమైంది బాబాయి గారూ, మాత్రలు మానేశారా?" అని అడిగాము.

"మాత్రలు వేసుకుంటూనే ఉన్నానమ్మా. నిద్రే పట్టటం లేదు" అన్నారు. కాసేపటికి అసలు సంగతి చెప్పారు. ఎప్పుడూ సరుకు పంపే కంపెనీ పేరుతో ఈమెయిల్ వచ్చింది. బ్యాంకు ఖాతా మారింది, ఇక నుండి ఈ నంబరుకు పంపండి అని ఉంది. ఆయన గుమాస్తా మూడు లక్షల చిల్లర పంపేశాడు. అది దొంగల ఖాతా. కూతురి పెళ్ళికి దాచుకున్న డబ్బు అది. పది రోజులుగా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "అరవై దాటాక మోసపోయానంటే నవ్వరా అమ్మా?" అన్నారు.

సిగ్గుపడి పది రోజులు ఆగడం వల్ల రెండు నష్టాలు జరిగాయి. డబ్బు చేతులు మారిపోయింది. ఆరోగ్యం కూడా పాడైంది. మొదటి గంటలోనే ఫిర్యాదు చేసి ఉంటే ఆ ఖాతాను ఆపే అవకాశం ఉండేది.

తరువాత ఒక పెద్ద సంస్థ ఆయన దగ్గర సరుకు కొనడానికి ముందు కంప్యూటర్ భద్రత గురించి ఒక ప్రశ్నల పత్రం పంపింది. "ఇంకో కాయితం, ఇంకో ఖర్చు" అని మొదట విసుక్కున్నారు. కుమారుడితో కూర్చుని నింపుతుంటే కళ్ళు తెరుచుకున్నాయి. రెండేళ్ళ క్రిందట పని మానేసిన కుర్రాడి పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తోంది. బిల్లింగ్ కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంది. దానికి 2020 జనవరిలోనే మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసింది. విండోస్ 10కి కూడా 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ఆగిపోయింది. ఇవన్నీ సరిచేసుకున్నారు. ఖాతా మారింది అని ఎవరు రాసినా, పాత నంబరుకు ఫోను చేసి గొంతు విన్న తరువాతే డబ్బు పంపాలి అని గోడ మీద రాసిపెట్టారు. ఇప్పుడు ఆయన బీపీ అదుపులో ఉంది.

ధ్రువపత్రం ఉంటే ఇక భయం లేదా?

ఉంది. ఈ విషయంలో మేము దాచకుండా చెప్పాలి. టీకా వేయించుకున్నవారికి ఇక ఏ జబ్బూ రాదని మేము ఎప్పుడూ చెప్పము. ధ్రువపత్రం కూడా అంతే. తీసుకున్న రోజున తలుపులు వేసి ఉన్నాయని మాత్రమే అది చెబుతుంది. మరునాడు గుమాస్తా తలుపు తెరిచిపెడితే గోడ మీద తగిలించిన ఫ్రేము ఆపలేదు. బాబాయి గారికి జరిగినటువంటి మోసాన్ని ఆపేది కూడా ఫోను చేసి అడిగే అలవాటే.

మరి దాని విలువ ఎక్కడ ఉంది? మనం చూడని మూలలను చూసేలా చేస్తుంది. సంవత్సరానికి ఒకసారి మళ్ళీ చూడమని గుర్తుచేస్తుంది. సరుకు కొనేవారికి, బ్యాంకుకు, ఇన్సూరెన్సు వారికి నమ్మకం ఇస్తుంది. పత్రం తీసుకునే స్తోమత ఇప్పుడు లేకపోయినా ఆ ప్రశ్నలకు జవాబు రాసుకోవడానికి ఖర్చు లేదు. అర్హత లేనివారు ఫోను చేసి వెంటనే డబ్బు కడితే ధ్రువపత్రం ఇస్తామంటే మాత్రం నమ్మకండి.

కొట్టు, బడి, క్లినిక్ నడిపేవారు ఈ వారమే చేయవలసినవి

• ఒక్కొక్కరికి ఒక్కొక్క పాస్‌వర్డ్ ఇవ్వండి. కాగితం మీద రాసి అంటించకండి. పని మానేసినవారి పాస్‌వర్డ్ ఆ రోజే తీసేయండి.

• ఈమెయిల్‌కు, బ్యాంకు ఖాతాకు పాస్‌వర్డ్‌తో పాటు రెండవ తాళం కూడా పెట్టుకోండి.

• బ్యాకప్ తీసిన వెంటనే డిస్కును విడదీసి వేరే చోట దాచండి. నెలకు ఒకసారి తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్, గ్యాస్ లేని సిలిండరు ఒకటే.

• అప్‌డేట్ రేపు చూద్దాం అని వాయిదా వేయకండి. దొంగ సాఫ్ట్‌వేర్ వాడకండి.

• పిల్లలు ఆటలు ఆడుకునే కంప్యూటర్‌లో కొట్టు లెక్కలు ఉంచకండి.

రోగులు, వారి కుటుంబాలవారు గమనించవలసినవి

• ఆసుపత్రి నుండి అంటూ ఫోను చేసి ఎవరు ఓటీపీ అడిగినా చెప్పకండి.

• రిపోర్టు పేరుతో, పెళ్ళి పిలుపు పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళను తెరవకండి.

• ఇతరుల కేస్‌షీటు ఫోటోలను ప్రార్థన కోసమైనా గ్రూపుల్లో పెట్టకండి. పేరు చెప్పకుండా కూడా ప్రార్థన కోరవచ్చు.

• డిశ్చార్జి చీటీ, రక్తం గ్రూపు, పడని మందుల వివరాలు ఒక పాలిథీన్ కవరులో ఉంచి, పైన ఎత్తులో దాచండి. బుడమేరు వరదలో రిపోర్టులన్నీ తడిసిపోయి వచ్చినవారిని మేము చాలామందిని చూశాము.

పొరపాటు జరిగితే?

వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఇది సైబర్ మోసాల కోసం దేశమంతటా పనిచేసే నంబరు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కూడా ఫిర్యాదు చేయవచ్చు. బ్యాంకుకు తెలియజేయండి. కంప్యూటర్‌లో తాళం నోటీసు కనిపిస్తే నెట్ తీగ ఊడదీసి, ఇంకేమీ నొక్కకుండా తెలిసినవారిని పిలవండి. అన్నింటికంటే ముందు, ఇంట్లోవారికి చెప్పండి. గుండెనొప్పి వచ్చినప్పుడు సిగ్గుపడి దాచుకోము కదా.

మా వార్డులో ఇప్పుడు కంప్యూటర్ తెరకు ప్లాస్టర్ ముక్క లేదు. ప్రతి నర్సుకు తన పాస్‌వర్డ్ తనకు ఉంది. ప్రతి శనివారం బ్యాకప్ తీసిన డిస్కు ఇనుప అల్మరాలోకి వెళ్తుంది, రిజిస్టరులో సంతకం పడుతుంది. దానితో పాటు, మందు పడని రోగి డిశ్చార్జి చీటీ మీద ఎర్ర సిరాతో రాసి ఇవ్వడం కూడా మానలేదు. ఆ రాత్రి పాలిథీన్ కవరు తెచ్చిన ఆ అత్తగారు మొన్న మనవడిని చూపించడానికి వచ్చారు. వాడి టీకాల కార్డు కూడా అదే కవరులో ఉంది.